రెండో దెబ్బ

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు తిరుమలేశ్. సినిమా వాళ్లు దాన్ని ప్రమాదం అన్నారు. డాక్టరమ్మ జబ్బు అంది. ఎవరేమన్నా చంపింది అతనే.

లీలాకుమారి సినిమాల్లో హీరోయిన్లకు డూపుగా ఫైట్లు చేసేది. మేడ మీది నుంచి దూకేది, అద్దాలు బద్దలు కొట్టుకుని బయటికి వచ్చేది. ముఖం మాత్రం తెర మీద కనబడేది కాదు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే, ఫైటర్ల యూనియన్ కార్డు ఇప్పించిందీ ఆమే. రహమత్ నగర్‌లో మా డాబా మీద పాత పరుపు పరిచి, దెబ్బ తగలకుండా భుజం మీద ఎలా దొర్లాలో వాడికి నేర్పింది.

నేను ఆర్ట్ డిపార్ట్‌మెంటులో డమ్మీలు చేస్తాను. ఫైట్లలో తలల మీద పగిలే సీసాలు గాజువి కావు. మైనం, గుగ్గిలం కరిగించి అచ్చులో పోస్తాం. చేతిలో బరువే ఉండదు. తలకు తాకగానే పొడి అవుతాయి. నా సీసాలతో ఇంతవరకు ఎవరికీ ఒక గీత కూడా పడలేదు.

తిరుమలేశ్ తాగేవాడు. షాటుకు ముందు ఒక క్వార్టర్ వేస్తే భయం పోతుందని, దెబ్బ తెలియదని ఫైటర్లలో కొందరి నమ్మకం. అతను దాని మీద గంజాయి కూడా పీల్చేవాడు. లీల తిట్టేది, చీపురుతో కొట్టేది, మళ్లీ పిలిచి అన్నం పెట్టేది.

ఆ రోజు షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. కింది అంతస్తులో బార్ సెట్టు వేశాం. హీరోయిన్ మీదికి రౌడీలు వస్తారు. అందులో ఒకడు సీసాతో ఆమె తల మీద కొడతాడు. ఆమె కింద పడి, లేచి అందరినీ చితకబాదుతుంది. హీరోయిన్ బదులు లీల. ఆ రౌడీ తిరుమలేశ్. నా సీసాలు కౌంటర్ మీద వరసగా పెట్టి నేను మానిటర్ వెనక్కి వెళ్లాను. తిరుమలేశ్ తాను తాగే సీసాను ఆ వరసలోనే దాచుకున్నాడు. అన్ని సీసాల మధ్య ఒక సీసాను ఎవరు పట్టించుకుంటారు?

ఫైట్ మాస్టర్ ఓంప్రకాష్ యాక్షన్ అన్నాడు. తిరుమలేశ్ చేయి చాపి తన సీసానే అందుకున్నాడు. గాజు సీసా. సగం బ్రాందీ ఇంకా అందులోనే ఉంది.

మొదటి దెబ్బకు అది పగల్లేదు. మొద్దుగా ఒక చప్పుడు వచ్చింది. లీల మోకాళ్ల మీద కూలబడింది. షాటుకు సీసా పగలాలి, లేకపోతే టేకు వృథా. అందుకని మళ్లీ ఎత్తి కొట్టాడు. ఈసారి పగిలింది. నెత్తురూ బ్రాందీ కలిసి ఆమె మెడ మీదుగా కారాయి. కాళ్లు కొట్టుకున్నాయి. ఎవరూ కట్ చెప్పలేదు. బాగా చేస్తోందనుకున్నారు. ఎవడో చప్పట్లు కూడా కొట్టాడు. నేను పరుగెత్తి వెళ్లి ఆమె తల పట్టుకుంటే, చెవి పైన నా వేళ్లు వెంట్రుకల్లోంచి లోపలికి దిగాయి.

ఆసుపత్రికి చేరకముందే పోయింది.

కేసు పెట్టారు, బెయిల్ ఇచ్చారు. మా అత్త శకుంతలమ్మ కొడుకును వెంగళరావు నగర్‌లో తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేర్చింది. కొన్ని నెలల తర్వాత, ఒక్కసారి వచ్చి డాక్టరమ్మ చెప్పేది వినమని నన్ను బతిమాలింది. వెళ్లాను.

డాక్టరు శారదాదేవి ఓపికగానే చెప్పింది. గంజాయిలాంటి పదార్థం మన మెదడు కూడా సొంతంగా తయారు చేసుకుంటుందట. ఒక కణం ఇంకో కణానికి కబురు పంపితే, అందుకున్న కణం ఈ పదార్థాన్ని వెనక్కి పంపుతుందట, ఇక చాలు, ఆపు అని. మందు తాగితే మొదట్లో అది ఎక్కువగా ఊరుతుంది. ఏళ్ల తరబడి తాగితే, పైగా గంజాయి కూడా పీలిస్తే, దాన్ని అందుకునే చోట్లు తగ్గిపోతాయి, మొద్దుబారతాయి. అప్పుడు చాలు అన్న కబురు వచ్చినా అందుకునే దిక్కుండదు.

"మొదటి దెబ్బకే ఆగాలని మీకూ నాకూ తడుతుందండీ. అతనికి ఆ బ్రేకు అరిగిపోయింది," అంది. "తాగడం మానితే మెల్లగా తిరిగి వస్తుంది. ఇప్పుడు వస్తోంది."

"తాగమని కూడ మెదడే చెప్పిందా అమ్మా?"

"మొదట్లో అతనే తాగాడండీ. తర్వాత తర్వాత మెదడే తాగించింది."

"ఆ మొదట్ల తాగినోని మీదనే నా కోపం," అని లేచి వచ్చేశాను.

ఫైటర్లలో ఒక కట్టుబాటు ఉంది. సెట్లో ఒకరి చేతిలో ఇంకొకరు చస్తే, చచ్చినవాళ్ల ఇంటివాళ్లు వచ్చి చంపినవాడి తల చుట్టూ కొబ్బరికాయ తిప్పి, క్షమించినట్టుగా నేలకు కొట్టాలి. అప్పటిదాకా ఏ ఫైటరూ షాటులో అతని ఎదుట నిలబడడు. తిరుమలేశ్‌కు వేరే పని రాదు. ఆ కాయ కొట్టాల్సింది భర్తనైన నేను.

శకుంతలమ్మ మా గడపలో కూర్చుంది. "బిడ్డ పాయె. గీడొక్కడు మిగిలిండు. పని లేకుంటే మళ్ల సీసా పట్టుకుంటడు. వాని కోసం గాదు వీరయ్యా, నా కోసం కొట్టు."

వస్తానన్నాను. కొడతానని అనలేదు.

కాయ కొట్టేది ఫిల్మ్ నగర్‌లో ఫైటర్లు ప్రాక్టీసు చేసే రేకుల షెడ్డులో. పొద్దున్నే అందరూ చాపల చుట్టూ చేరారు, శకుంతలమ్మ కూడా వచ్చింది. తిరుమలేశ్ బుగ్గలు నిండాయి. గడ్డం గీసుకున్నాడు. చేతులు వణకడం లేదు. అతను బాగుపడటం చూసి నా కడుపు మండింది. మాస్టర్ పసుపు రాసిన కాయ నా చేతిలో పెట్టాడు. వెనక నుంచి ఎవడో, "ఏందన్నా, గది అసలు కాయనేనా, నువ్వు చేసిన డమ్మీనా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాస్టర్ అటు చూడగానే ఆపేశారు.

తిరుమలేశ్ నా ముందుకు వచ్చి తల వంచాడు. నేను కాయ ఎత్తలేదు.

"మొదటి దెబ్బకు పగల్లే. అసలు సీసా అని నీకు ఎర్కైందా లేదా?"

లేదు అంటే కాయ కొట్టి ఉండేవాణ్ణి. ఆసుపత్రిలో అతనికి నిజం చెప్పడం నేర్పారు.

"ఎర్కైంది బావా. చేతికి బరువు తెల్సింది. అక్క మొకం గూడ చూసిన. ఆపాలె అని మాత్రం లోపల రాలే. షాట్ ఖరాబైతదనే అనుకున్న."

డాక్టరమ్మ చెప్పిందీ ఇదే. ఒక్క అక్షరం తేడా లేదు. నేను నమ్మాను. నమ్మి, కాయ మాస్టర్‌కు తిరిగి ఇచ్చేసి, అతని నోటి మీద గుద్దాను.

అతను పడ్డాడు. తల నేలకు తగలకుండా, భుజం మీద దొర్లుతూ, లీల నేర్పినట్టే పడ్డాడు. అది చూసి ఆగలేకపోయాను. కాలర్ పట్టి లేపి ఇనుప స్తంభానికి ఆనించి కొట్టాను. పళ్లు ఊడాయి. దవడ పక్కకు పోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఉత్తుత్తి దెబ్బలతో బతికేవాళ్లు. ఇవి నిజం దెబ్బలని తెలుసుకోవడానికి వాళ్లకు కొంత సమయం పట్టింది.

నా లోపల చాలు అని వినబడింది. నేను చుక్క ముట్టేవాణ్ణి కాను. స్పష్టంగా వినబడింది. అయినా కొట్టాను. శకుంతలమ్మ వచ్చి కొడుకును కప్పేసింది. ఆమెను పక్కకు లాగి, కంటి మీద ఇంకొకటి కొట్టాను. అప్పుడు నలుగురు కలిసి నన్ను కింద పడేశారు.

అతని ఎడమ కన్ను పోయింది. ప్రాక్టీసులో పడ్డాడని మాస్టర్ ఆసుపత్రిలో చెప్పాడు. తిరుమలేశ్ కూడా అదే చెప్పాడు. నేను చేసింది కూడా ప్రమాదమే అయింది.

ఒంటి కన్నుతో దూరం తెలియదు. ఇక అతను ఫైటరు కాడు. మళ్లీ తాగుతున్నాడో లేదో నేను అడగలేదు. శకుంతలమ్మ యూసుఫ్‌గూడ రోడ్డులో ఎదురైతే తల తిప్పుకుని పోతుంది. డాక్టరమ్మ ఫోన్ చేసి నన్ను కూడా ఒకసారి రమ్మంది, మాట్లాడితే మనసు తేలికవుతుందంది. నాకు తేలిక కానక్కరలేదు. ఫోన్ పెట్టేశాను.

లీల ఎట్లా పోయిందని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఒక్కసారి రాశాను. ఇక అడగొద్దు. ఆమె అమ్మ అడిగినా, కోర్టు అడిగినా, ఈ సంగతి నా నోట మళ్లీ రాదు.