ఒంటికి పట్టిన నలుపు

తిరుప్పూరులో రంగు కలిపేవాళ్ళకి కొదవలేదు. అయినా నలుపు మాత్రం మరగదమే కలపాలని అద్దకం మిల్లు యజమాని కిట్టుసామి పట్టుబట్టేవాడు. పాలియెస్టర్ గుడ్డకి నలుపంటే ఒక్క రంగు కాదు. నీలం, ఎరుపు, నారింజ పొడులు సరైన పాళ్ళలో కలిస్తే ఒకదాన్నొకటి మింగేసి నల్లబడతాయి. ఏ ఒక్కటి రవ్వంత ఎక్కువైనా ఎండలో పెట్టగానే బయటపడిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా మరగదం కలిపిన నలుపు ఎండలో కూడా నలుపుగానే నిలిచింది.

ఆ ఏడు పంగుని నెల ఎండలు మొదలయ్యేసరికి నీలం పొడి అయిపోయింది. ఆటబట్టల ఆర్డరేమో మెడమీద కూర్చుంది. కిట్టుసామి మూతబడ్డ ఒక మిల్లు నుంచి డ్రమ్ము తెప్పించాడు. దాని మీద చీటీ లేదు. చీటీ గీకేసిన చోట జిగురు మరక మాత్రం ఉంది.

"ఇది నీలమేనాండీ అన్నా?" అంది మరగదం.

"నీకు తెలియని నీలమా అమ్మిణీ? కలిపి చూడు." ఆమెకి నలభై దాటినా ఆయనకి ఇంకా అమ్మిణీయే.

కలిపింది. ఆవిరి మిషనులోంచి గుడ్డ తాను బయటికి వస్తుంటే పనివాళ్ళు చేతిలో పని ఆపి చూశారు. ముడతల మీద వెలుగు నిలవడంలేదు. "ఏంటక్కా ఇది, బావిలోకి తొంగి చూసినట్టుంది," అన్నాడు మిషను మనిషి. మరగదం లోపల పొంగిపోయింది. అంత నలుపు ఆమె చేతి మీదుగా ఎన్నడూ రాలేదు.

అద్దకం అయ్యాక గుడ్డని సోడా నీళ్ళలో వేడివేడిగా ఒక వాయి కడగాలి. అంటీ అంటని పొడి అప్పుడే వదులుతుంది. లారీ వచ్చి గేటు దగ్గర నిలబడిందని ఆ వాయి ఎగ్గొట్టారు. మరగదానికి తెలుసు. తెల్ల గుడ్డతో పొడిగా రుద్ది చూసింది. అది తెల్లగానే ఉంది. సరేలే అనుకుంది.

మిగిలిన తానుతో కిట్టుసామి తన పేటలోని ఆడపిల్లల కబడ్డీ జట్టుకి జెర్సీలు కుట్టించాడు. ముందు చిన్నగా, వెనక పెద్దగా, రబ్బరులాంటి తెల్లరంగుతో అంకెలు అచ్చు వేయించాడు. మారియమ్మ జాతరకి జరిగే పోటీల్లో తమ పేట పిల్లలు మెరిసిపోవాలని ఆయన ముచ్చట. జట్టు నాయకురాలు వడివు మరగదానికి స్వయానా అక్క కూతురు. పొద్దంతా కుట్టు కంపెనీలో మిషను తొక్కి, సాయంత్రం రెండు గంటలు కూతకెళ్ళి, ఆ చెమట చొక్కాతోనే ఇంటికొచ్చి పది నెలల కూతురు కయల్‌ని గుండెకి హత్తుకునేది. పిల్ల అలాగే చెంప ఆనించి నిద్రపోయేది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మరగదం పిల్లకి నీళ్ళు పోయడానికి వచ్చింది. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ముఖానికి నూనె రాస్తుంటే ఎడమ చెంప మీద నీలంగా ఏదో గీత కనబడింది. కాటుక చెదిరిందేమోనని బొటనవేలితో తుడిచింది. పోలేదు. నూనె పోసి రుద్దింది. నూనె నిగనిగలో గీత ఇంకా తేటగా కనబడింది. పైన అడ్డంగా ఒకటి, దాని ఎడమ కొసనుంచి కిందికి వాలుతూ ఇంకొకటి.

"ఏమే వడివూ, పిల్ల చెంప మీద ఏం రాశావు?"

"నేనేం రాస్తాను పిన్నీ? ఆ చెంపే ఎప్పుడూ ఎర్రగా ఉంటోంది. దోమలనుకున్నా."

మరగదం పిల్లని ఎత్తుకుని గోడకున్న అద్దం ముందు నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. అద్దంలో పిల్ల చెంప మీది గీతలు సరిగ్గా తిరిగాయి. ఏడు. వడివు జెర్సీ మీది అంకె.

"నువ్వు అటు తిరిగి చొక్కా ఎత్తు," అంది.

వడివు నవ్వుతూ వెనక్కి తిరిగి చొక్కా ఎత్తింది. వీపు మీద జానెడు పొడవున ఏడు అంకె లేచి ఉంది. దద్దురులా ఎర్రగా, అంచులు కత్తిరించినట్టుగా. మరగదం వేలితో తాకి చూసింది. వేడిగా ఉంది.

"దురద పెడుతుంటే చెమటకాయలనుకున్నా పిన్నీ. ఏముంది అక్కడ? ఎందుకట్లా చూస్తున్నావు?"

సాయంత్రం ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. కంచె పక్క గదిలో పిల్లలందరినీ గోడవైపు తిరగమంది మరగదం. మొదట ఇకిలింపులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పరాచికాలు. "పెళ్ళిచూపులాక్కా?" అని ఒకతి. చొక్కాలు పైకి లేచాక మాట ఆగిపోయింది. రెండు, నాలుగు, తొమ్మిది, మూడు. ఎవరి అంకె వాళ్ళ వీపు మీద. తమ వీపు తాము చూసుకోలేరు కాబట్టి ఒకరి వీపు ఒకరు చూసి, చేత్తో తమ వీపు తడుముకుంటున్నారు. పదకొండో నంబరు పొన్నుత్తాయి వీపు ఒక్కటే నున్నగా ఉంది.

"నాకేం లేదుగా? నాకేం లేదుగా అక్కా?" అని అడిగిందే అడిగింది. లేదని చెప్పినా ఆమె ముఖంలో భయం పోలేదు.

ఆ రోజే జెర్సీలు మూటగట్టి మూల పడేశారు. అయిదారు రోజులకి వీపులు చల్లబడ్డాయి. పిల్ల చెంప మీది నీలం కూడా పాలిపోయింది. గండం గడిచిందనుకున్నారు.

తర్వాతి శుక్రవారం వడివు ముదురు నీలం పాలియెస్టర్ పైజామా వేసుకుని పనికి వెళ్ళింది. పైన తెల్లటి నూలు చొక్కా. మధ్యాహ్నానికి మోకాళ్ళు దురద పెట్టాయి. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పేసరికి వాళ్ళ అత్త రామాత్తాళ్ కెవ్వుమంది. నూలు చొక్కా కింద, ఏ రంగూ తగలని వీపు మీద, ఏడు మళ్ళీ లేచింది. అదే చోట, అదే కొలత.

రామాత్తాళ్ గుమ్మానికి వేపమండలు కట్టింది. "జాతర ముందర అమ్మ తలకో అంకె వేసుకుంటోంది. ఎవరెవరిని తీసుకెళ్ళాలో గుర్తు పెట్టుకుంటోంది. నా మనవరాలిక్కూడా వేసింది," అని వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పొద్దుగూకేలోగా పేటంతా పాకింది. తల్లులు పిల్లల్ని ఆటకి పంపడం మానేశారు. నున్నటి వీపుతో మిగిలిన పొన్నుత్తాయిని వాళ్ళమ్మ రోజూ గుడికి తీసుకెళ్ళి, మా పిల్లనెందుకు వదిలేశావు తల్లీ, ఇంకేం రాసిపెట్టావు అని మొక్కుకునేది.

"మీ మారియమ్మ కాదు వదినా, నేను," అంది మరగదం రామాత్తాళ్‌తో. "ఆ నలుపు కలిపింది నేను."

"నీ పాటి దానికి అంత శక్తి ఎక్కడిదే?" అని విదిలించేసింది ముసలామె.

మర్నాడు మరగదం మిల్లులో చెమట కలిపింది. ఉప్పు, ఇంకో రెండు పొడులు నీళ్ళలో కరిగిస్తే మనిషి చెమటకి సాటి వచ్చే ద్రవం తయారవుతుంది. పెద్ద ఆర్డర్లకి మాత్రమే చేసే పరీక్ష అది. ఈ గుడ్డకి ఎవరూ చేయలేదు. నల్లగుడ్డ ముక్కకి తెల్లపట్టీ జతచేసి, చెమటలో నానబెట్టి, రెండు గాజుపలకల మధ్య బిగించి, ఒంటి వేడి ఉండే పెట్టెలో నాలుగు గంటలు ఉంచింది. తీసి చూస్తే తెల్లపట్టీ నల్లబడలేదు. నీలంగా మారింది. మూడు రంగులు కలిస్తే ఒక్క నీలమే లేచి నడిచి వచ్చింది. పొడిగా ఉన్నంతసేపూ చచ్చినట్టు పడి ఉండి, చెమట తగలగానే కదిలింది. అంకె కింద గాలాడదు, చెమట అక్కడే మడుగు కడుతుంది. అందుకే అక్కడ వీపుల్లోకి ఎక్కువ దిగింది, ముందువైపు ఆ రబ్బరులోంచే పైకి ఊరి పిల్ల చెంపకీ అంటింది. అంత తేటగా అర్థమయ్యాక కూడా ఆ పట్టీని చేత్తో ముట్టుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

అయినా అదే గుడ్డలో చదరంగా ఒక ముక్క కత్తిరించి, తడిపి, మోచేతి లోపలివైపు కట్టుకుంది. మూడో రోజు విప్పితే చదరంగా ఎర్రటి మచ్చ. దాంతోపాటు ఆమె అనుకోనిది ఇంకొకటి జరిగింది. పది వేళ్ళ కొసలూ అదే క్షణాన జివ్వుమన్నాయి. గుడ్డ వేళ్ళకి తగలలేదు. కానీ ఆ పొడిని కలిపింది ఆ వేళ్ళతోనే.

ఊళ్ళోని చర్మం డాక్టరమ్మ వడివు వీపు చూసి, రంగు మందులు పెట్టిన చిన్నచిన్న బిళ్ళలు ఒంటికి అంటించి, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది. ఆ రోజు చూసి ఇలా చెప్పింది. "దేవత లేదు, దెయ్యం లేదు. ఈ రకం నీలం కొందరి ఒంటికి పడదు. కొందరికి ఏమీ కాదు. పడనివాళ్ళ ఒళ్ళు దాన్ని ఇక మరిచిపోదు. దానికి చుట్టంలాంటి రంగు ఎక్కడ తగిలినా, మొదట తగిలిన చోటు కూడా లేస్తుంది."

"ఎన్నాళ్ళండీ?" అంది వడివు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ముదురు రంగు పాలియెస్టర్ ఒంటికి తగలనీయకు. ఎన్నాళ్ళని చెప్పను?"

అక్కణ్ణుంచి మరగదం నేరుగా కిట్టుసామి గదికి వెళ్ళింది. వడివూ, చంకలో కయలూ వెంట ఉన్నారు. బాయిలర్ గోడకి ఆనుకుని ఉండే ఆ గదిలో ఫ్యాను తిరిగినా వేడిగాలే కొడుతుంది.

ఆయన అంతా విని నవ్వాడు. "అమ్మిణీ, ఇదిగో చూడు." పైచొక్కా విప్పాడు. లోపల అదే నలుపు బనీను. "ఇరవై రోజులుగా పొద్దున్నే నడకకి ఇదే వేసుకుంటున్నా." అదీ తీసేశాడు. నెరిసిన వెంట్రుకల కింద ఛాతీ, వీపు శుభ్రంగా ఉన్నాయి. "గుడ్డలో దోషముంటే నాకెందుకు రాలేదు చెప్పు?"

"మీకు పడింది. వాళ్ళకి పడలేదు. అంతేనండీ."

"అంతేనా? రుద్ది చూసి పాసని రాసింది నువ్వే కదా?"

"నేనే రాశాను," అంది మరగదం. "పొడిగా రుద్దాను. మనుషులు పొడిగా ఆడరన్నా. వాయి ఎగ్గొట్టినప్పుడు నోరు మూసుకున్నాను. మిగతా సరుకు వెనక్కి పిలిపించండి."

"ఎవరో నలుగురు పిల్లలకి దద్దుర్లు వచ్చాయని..." అనబోయాడాయన.

గదిలో ఉక్కకి కయల్ ఏడుపు లంకించుకుంది. వడివు భుజం మార్చింది. పాలిపోయిన ఎడమ చెంప ఇప్పుడు ఆయన వైపుంది. పిల్ల ఏడ్చేకొద్దీ ముఖమంతా కందుతోంది. ఆ కందిన ఎరుపులో, చెంప మధ్యన, ఇంకాస్త ముదురుగా ఒక గీత తేలింది. తర్వాత రెండోది. ఎవరో లోపలినుంచి మెల్లగా రాస్తున్నట్టు, వాళ్ళు ముగ్గురూ చూస్తుండగానే, తిరగబడిన ఏడు చెంప మీదికి వచ్చి నిలబడింది.

కిట్టుసామి చొక్కా లేకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"పిల్ల చొక్కా తొడుక్కోలేదు కదా," అన్నాడు.

"తొడుక్కోలేదండీ. వాళ్ళమ్మ గుండె మీద పడుకుంది."

ఆయన ఫోను తీశాడు. లారీ సరుకు కొన్న వ్యాపారికి విషయం దాచకుండా చెప్పాడు. అవతలివాడు ఎన్ని బూతులు తిడుతున్నాడో ఈవలికి వినబడుతూనే ఉంది. కిట్టుసామి అడ్డు చెప్పలేదు. సరుకు పది రోజుల్లో తిరిగి వచ్చింది. చీటీ లేని డ్రమ్మునీ, ఆ తానులనీ, జెర్సీల మూటనీ విషపు చెత్త కాల్చే చోటికి పంపించారు. బండి ఎక్కించేటప్పుడు పనివాళ్ళు చేతులకి సంచులు కట్టుకున్నారు. గుడ్డ అప్పటికీ అందంగానే ఉంది. మరగదం అటు చూడకుండా ఉండలేకపోయింది.

అప్పటికే కుట్టేసిన ఒక మూడు వందల చొక్కాలు మాత్రం దొరకలేదు. వ్యాపారి వాటిని ఎవరికో ఇచ్చాడు, ఆ ఎవరో ఆదివారం సంతలో కుప్పలు పోసి అమ్మేశాడు.

జాతర పోటీల్లో వడివు జట్టు రంగు వేయని నూలు బనీన్లు తొడుక్కుని ఆడింది. రెండో ఆటలోనే ఓడిపోయింది. పొన్నుత్తాయి బాగా ఆడిందని అందరూ అన్నారు. రామాత్తాళ్ డాక్టరమ్మ మాట పూర్తిగా నమ్మలేదు గానీ, మనవరాలి చెంప రెండు నెలలకి తేటపడ్డాక వేపమండలు తీసేసింది. వడివు వీపు మాత్రం ఏడాదిలో మూడుసార్లు లేచింది. ఒకసారి బస్సు సీటు కవరుకి, ఒకసారి పెళ్ళిలో ఎవరో కప్పిన శాలువాకి. మూడోసారి దేనికో తెలియలేదు.

మరగదం పొడులు ముట్టుకోవడం మానేసింది. మిల్లులోనే చెమట పరీక్షల బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆమె సంతకం లేనిదే గుడ్డ గేటు దాటదు. కిట్టుసామి విసుక్కుంటాడు, కానీ దాటనివ్వడు.

మొన్న ఆడి నెలలో ఆమె అవినాశి వెళ్ళే బస్సెక్కింది. మధ్యలో ఎవరో కాలేజీ అమ్మాయి ఎక్కింది. భుజాన హాకీ కర్ర, ఆట ముగించి వస్తున్నట్టు ఒళ్ళంతా చెమట. ఒంటిమీది నల్ల చొక్కాని మరగదం వెనకనుంచే పోల్చింది. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. ఆ చొక్కా మీద ఎండ నిలవడంలేదు.

ఆ అమ్మాయి పరాకుగా చెయ్యి వెనక్కి పెట్టి వీపు గోక్కుంది.

మరగదం దిగాల్సిన చోటు వచ్చింది. కండక్టరు కేకేశాడు. ఆమె లేచి, దిగకుండా, ముందుకెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"ఏమ్మా, ఈ చొక్కా ఎక్కడ కొన్నావు?"

"ఇదా ఆంటీ? సంతలో. మా హాస్టల్లో మేమందరం కొనుక్కున్నాం," అంది ఆ అమ్మాయి సంబరంగా. "బాగుంది కదా?"

"బాగుంది," అంది మరగదం. "మీ హాస్టల్ ఎక్కడ తల్లీ? నన్ను తీసుకెళ్తావా?"