ఆరో అంశం

ఆఫీసు తలుపు వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది, ఏ కాలంలోనూ తిన్నగా తెరుచుకోదు. గుమాస్తాగారు తాళం తీసి, కుడి భుజం ఆనించి, కింద మోకాలితో ఒక్క పోటు పొడిచారు. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున్న తొమ్మిదికి పావుగంట ముందు ఆ తలుపుకీ ఆయనకీ జరిగే కుస్తీ ఇది. ఇవాళ మాత్రం తలుపు లొంగాక కూడా ఆయన లోపలికి వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుని, ఎడమ చేత్తో ఛాతీ రాసుకుని అప్పుడు వెళ్లారు.

మనిషి పొడుగు. బల్ల మీదికి వంగీ వంగీ ఆ పొడుగులో నాలుగు వేళ్లు మెడ దగ్గరే కుంగిపోయాయి. కళ్లజోడుకి ఎడమ కాడ విరిగితే దారం చుట్టుకున్నారు. కొత్త కాడ వేయించుకుందామనుకుని మూడేళ్లయింది. కుడిచేతి మధ్యవేలికి కాయ, కాయ మీద చెరగని సిరా మచ్చ. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఏదడిగినా "చూద్దాంలే" అంటారు, అది ఆయన ఊతపదం. ఇంట్లో కారే కుళాయికీ, కుంటి కుర్చీకీ, భార్య అడిగే కబుర్లకీ అదే జవాబు.

ఇవాళ పొద్దున్న కూడా అదే అన్నారు. భార్య ఆయన చొక్కా జేబులో ఒక చీటీ దూర్చి, "సాయంత్రం నాలుగింటికి, టౌన్లో గుండె డాక్టరు. పేరు రాయించి వచ్చా. మూడింటి బస్సెక్కితే సరిపోతుంది. ఈసారి మాత్రం ఊరుకోనండీ" అంది.

"సమావేశం అయ్యాక చూద్దాంలే" అన్నారాయన చెప్పులేసుకుంటూ.

"మీ చూద్దాంలేకి ఓ దణ్ణం" అని ఆవిడ తలుపేసుకుంది. వేసుకుందే గానీ, కిటికీలోంచి ఆయన మలుపు తిరిగేదాకా చూసింది.

పదకొండింటికి ఊరి పాలకమండలి నెలవారీ సమావేశం. ఈ సమావేశాల్ని గుమాస్తాగారు ముందే రాసేస్తారు. అందులో తప్పుందని ఊళ్లో ఎవరికీ తోచలేదు. కొత్తలో ఆయన అందరిలాగే సమావేశం అయ్యాకే రాసేవారు. సభ్యులు టీ తాగగానే లేచి పోతే, సంతకాల కోసం ఆయన కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చేది. ఎలాగూ నెలనెలా అవే మాటలు, అవే నిర్ణయాలు. అందుకని తొమ్మిదింటికే కూర్చుని, జరగబోయేదంతా మినిట్స్ పుస్తకంలో రాసి, హాజరైనవాళ్ల పేర్లకి మాత్రం ఖాళీ వదలడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో ప్రతి సమావేశమూ ఆయన రాసినట్టే జరిగింది. జాతకాలు చెప్పేవాళ్లకి కూడా అంత గురి ఉండదు.

ఇక ఆరో అంశానికైతే కలంతో పని కూడా లేదు. దానికి రబ్బరు ముద్ర ఉంది.

ఆరో అంశం కాలవ మీద నడక వంతెన. కాలవకి అవతల ఒక వీధి, ఇరవై రెండు ఇళ్లు. మధ్యలో రెండు చెక్కలు. వంతెన మిల్లు పక్కన పడాలని మిల్లాయన పట్టు, కొట్టు ముందర పడాలని కొట్టాయన పట్టు. ఇద్దరూ పాలకమండలి సభ్యులే, బావా బావమరుదులు. ఒకరింట్లో ఒకరు భోంచేస్తారు, ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుంటారు, వంతెన మాట వస్తే మాత్రం ఇద్దరూ మొండికేస్తారు. పదకొండేళ్లుగా ఆ అంశం ఆరో చోటు నుంచి కదల్లేదు. "చర్చించి తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది" అని రాసి రాసి గుమాస్తాగారి వేలు వాచిపోతుంటే, అప్పటి ప్రెసిడెంటు నవ్వుతూ ఆ వాక్యానికి ముద్ర చేయించి ఇచ్చాడు. ఆ ముద్రతో పాటే ఆయనకి వాయిదాలాయన అన్న పేరు కూడా వచ్చింది. ఎదురుగా గుమాస్తాగారు, వెనకాల వాయిదాలాయన. ఆయన విననట్టు ఉండేవారు.

ఆయన కుర్చీలో కూర్చుని సొరుగు లాగి ముద్ర తీశారు. సిరా దిండు ఎండిపోయి ఉంది. రెండు చుక్కలు నీళ్లు వేసి, ముద్రని నాలుగుసార్లు అద్ది, పడుతుందో లేదో చూడ్డానికి జేబులో చేతికందిన కాగితమ్ముక్క మీద ఒకటి కొట్టారు. ఊదారంగు అక్షరాలు ముచ్చటగా పడ్డాయి. ముక్కని సొరుగులో పడేసి పుస్తకం తెరిచారు.

అప్పుడే కాలవ అవతల ఉండే కుట్టుమిషనావిడ వచ్చింది. కాళ్లు చీలమండల దాకా తడిసి ఉన్నాయి. చంకలో ఆఫీసు కిటికీలకి కుట్టిన తెరలు. కిందటి నెలలోనే కుట్టమని చెప్పారు, చెప్పిన రోజుకి తెచ్చింది.

"కూర్చో అమ్మా. అర్జీ తెచ్చావా?" అన్నారు గుమాస్తాగారు. ప్రతి సమావేశం రోజునా ఆవిడ వంతెన కోసం అర్జీ తెస్తుంది. ఆయన అందుకుని, తారీఖు వేసి బీరువాలో పెడతారు.

"తేలేదన్నయ్యా" అందావిడ స్టూలెక్కి తెర తగిలిస్తూ.

"అదేం?"

"పదకొండేళ్ల అర్జీలు మీ బీరువాలో ఉన్నాయిగా. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే మాట. కావాలంటే వాట్లోంచి ఒకటి తీసి తారీఖు దిద్దుకోండి. ఉత్తి కాగితం దండగ."

కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవారు. అరిచేవాళ్లని ఎంతమందిని చూడలేదు! ఆవిడ మాత్రం ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. గుమాస్తాగారికి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ రెండో తెర కూడా తగిలించి, ముడతలు సర్ది, స్టూలు దిగింది. "మబ్బు పడుతోంది. ఈ ఏడు కూడా చెక్కలు కొట్టుకుపోయాయంటే పిల్లదాన్ని బడి మాన్పించేస్తానన్నయ్యా. మా అత్తలా దాన్నీ పోగొట్టుకోలేను" అని వెళ్లిపోయింది.

ఆ అత్త సంగతి గుమాస్తాగారికి తెలుసు. మూడేళ్ల కిందట తడిసిన చెక్క మీద కాలు జారి తుంటి విరిగి, నలభై రోజులు మంచంలో ఉండి పోయింది. ఆవిడ పోయిన వివరం మరణాల రిజిస్టరులో రాసింది ఆయనే. సరిగ్గా సమావేశం రోజే రాశారు. రిజిస్టరు మూసి, ఈ పుస్తకం తెరిచి, ఆరో అంశం మీద ముద్ర కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తిన్నారు కూడా. ఎలా తిన్నానా అని ఇప్పుడు అనిపించింది.

ఆయన లేచి బీరువా తీశారు. వంతెన నమూనా గీసి నాలుగేళ్లయింది. చెక్కలున్న చోటే, మిల్లుకీ కొట్టుకీ సమాన దూరంలో. పై ఆఫీసు ఒప్పుకుని మంజూరు చేసింది. పాలకమండలి తీర్మానం ఒక్కటే తక్కువ. ఆ తీర్మానం రేపటికల్లా అందకపోతే మంజూరు రద్దు చేస్తామని కిందటి వారం ఉత్తరం వచ్చింది. ఉత్తరాన్ని ప్రెసిడెంటుగారికి చూపిస్తే ఆయన నీళ్లు నమిలి, "వాళ్లిద్దర్నీ ఎవరు ఒప్పిస్తారు గుమాస్తాగారూ? నా వల్ల కాదు" అన్నాడు. ఇవాళ రెండింటికి టపా సంచీ వెళ్లిపోతుంది. ఆ తర్వాత వంతెన లేదు.

గుమాస్తాగారు మొదటి ఐదు అంశాలూ రాశారు. కిందటి సమావేశం ఖరారు, మురుగుకాలవల శుభ్రం, వీధి దీపాలు, బావి గోడ, బడి గేటు. ఆరో అంశం దగ్గర ముద్ర అందుకున్నారు. అందుకుని, కాసేపు పట్టుకుని, సొరుగులో పెట్టేసి కలం తీశారు. "చెక్కలున్న చోటనే నడక వంతెన నిర్మించుటకు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశారు. జరగనిది ఆయన ఏనాడూ రాయలేదు. పైకి చదువుతాను, ఒక్కరు కాదన్నా వాళ్ల ముందే కొట్టేస్తాను అని తనకి తాను ఒప్పందం చేసుకున్నారు. అయినా గుండె దడదడలాడుతూనే ఉంది. అది భయమో, పొద్దున్నటి నొప్పో ఆయనకి తెలియలేదు.

సమావేశానికి ఏడుగురు వచ్చారు. అటెండరు టీ ఇచ్చాడు. మూడో అంశం దగ్గరే బావా బావమరుదులు తగులుకున్నారు.

"మా మూల దీపం ఆరిపోయి పది రోజులు బావా. మీ మిల్లు ముందర మాత్రం రెండు వెలుగుతున్నాయి!" అన్నాడు కొట్టాయన.

"వెలుగుతున్నాయి కాబట్టే నువ్వు రాత్రిపూట మా ఇంటికి దారి తప్పకుండా వచ్చి తింటున్నావు" అన్నాడు మిల్లాయన.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే నాలుగూ ఐదూ అయిపోయాయి. గుమాస్తాగారు లేచి నిలబడ్డారు. ఎప్పుడూ కూర్చునే, గొంతు పైకి రాకుండా చదివే మనిషి. ఇవాళ నిలబడి, ప్రతి మాటా విడదీసి, ఆరో అంశం మొదటి నుంచి చివరి దాకా చదివారు. గది అవతల నీళ్లకుండ దగ్గరున్న అటెండరు కూడా తల తిప్పి చూశాడు. మిల్లాయన కొట్టాయనకి ఇంకో దీపం లెక్క చెబుతున్నాడు.

"ఆరో అంశం. ఎవరికైనా అభ్యంతరం ఉందాండీ?" అని అడిగారు గుమాస్తాగారు.

"వంతెనేగా? ఎప్పుడూ ఉన్నదేగా గుమాస్తాగారూ!" అన్నాడు మిల్లాయన కప్పు కింద పెడుతూ. "సంతకం ఎక్కడ?"

"మా బావ పెట్టాక నాకూ ఇవ్వండి. కొట్లో ఎవరూ లేరు" అన్నాడు కొట్టాయన.

"ఇంకోసారి చదవమంటారా?" అన్నారు గుమాస్తాగారు. ఆయన గొంతు ఆయనకే వింతగా వినిపించింది.

"వద్దు మహానుభావా!" అన్నాడు ప్రెసిడెంటు. పుస్తకం చేతులు మారింది. సంతకాల చోటు వెనక పేజీలో ఉంటుంది. చివరికి పుస్తకం రిటైరైన టీచరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ సంతకం పెట్టబోయి ఆగి, పేజీ వెనక్కి తిప్పింది. ముద్ర ఉండాల్సిన చోట చేతిరాత ఉంది. ఆవిడ మెల్లగా చదివింది. కళ్లజోడు తీసి గుమాస్తాగారి వైపు చూసింది. ఆయన చూపు దించుకోలేదు, దించుకుందామనుకున్నా మెడ కదల్లేదు.

"ఆరో అంశంలో మీ దస్తూరీ చూసి ఎన్నాళ్లయిందండీ" అని, ఆవిడ సంతకం పెట్టింది. పక్కన తారీఖు కూడా వేసింది.

అందరూ వెళ్లాక ఆయన తీర్మానానికి నకలు రాసి, నమూనా జత చేసి, కవరు అంటించి తనే పోస్టాఫీసుకి నడిచారు. నూరడుగుల దూరానికి రెండుసార్లు ఆగారు. రిజిస్టరు చేయించి, రసీదు తీసుకుని బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర కుట్టుమిషనావిడ బట్టల మూటతో నిలబడి ఉంది.

"వాయిదాయేనా అన్నయ్యా?"

"లేదమ్మా. ఈసారి వాయిదా లేదు. పాసయింది."

"హాస్యాలాడకండి."

ఆయన రసీదు చూపించారు. ఆవిడ కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది. మూట కింద పెట్టి, ఎక్కడ పెట్టానా అన్నట్టు చూసి, మళ్లీ ఎత్తుకుంది. "మొహం అలా పాలిపోయిందేంటి, ముందు నీళ్లు తాగండి" అని పోస్టాఫీసు కుండలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. ఆయన గటగటా తాగారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత చల్లటి నీళ్లు ఎప్పుడూ తాగలేదనిపించింది.

ఆఫీసుకి తిరిగొచ్చి కుర్చీలో వాలేసరికి రెండున్నర. కొత్త తెర గాలికి లేచి ఆయన మోచేతిని తాకి పోతోంది. డాక్టరు సంగతి గుర్తొచ్చింది. ఈసారి వెళ్లి తీరాలనే అనుకున్నారు, నిజంగానే అనుకున్నారు. చీటీ కోసం జేబు తడిమితే లేదు. ఎక్కడ పెట్టానబ్బా అనుకున్నారు. బస్సుకి ఇంకా అరగంట ఉందిగా, కాసేపు కళ్లు మూసుకుని లేచాక వెతుక్కోవచ్చు. కళ్లజోడు తీసి పుస్తకం మీద పెట్టారు.

ఐదింటికి అటెండరు కిటికీలు వేయడానికి వచ్చి, "అయ్యగారూ, టైమైందండీ" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోతున్నారేమోనని ముందు అవతలి కిటికీ చప్పుడు కాకుండా వేశాడు.

తర్వాత పెద్ద రభసే జరిగింది. తీర్మానం సంగతి తెలిసి మిల్లాయన కొట్టాయన మీదికి వెళ్లాడు. "నువ్వు ఒప్పుకున్నావనే నేను సంతకం పెట్టా" అన్నాడు. "నువ్వు ముందు పెట్టావనేగా నేను పెట్టింది!" అన్నాడు కొట్టాయన. చదవకుండా పెట్టామని చెప్పుకోవడం ఇద్దరికీ నామోషీ. "గుమాస్తాగారు నిలబడి చదివారు, అభ్యంతరం ఉందా అనీ అడిగారు, నేను విన్నాను" అని టీచరమ్మ తేల్చి చెప్పింది. చివరికి ఊరి కోసం తామే పట్టు సడలించామని ఇద్దరూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆరు నెలలకి వంతెన పడింది. ఇప్పుడు కుట్టుమిషనావిడ కూతురు దాని మీద పరుగెత్తుతుంటే, జారతావే అని కేకలేసేవాళ్లు కూడా లేరు. అప్పటికి కొత్త గుమాస్తా రాలేదు కాబట్టి, మరణాల రిజిస్టరులో గుమాస్తాగారి పేరు టీచరమ్మ రాసింది.

ఆయన పోయిన నాలుగో రోజున భార్య ఆఫీసుకి వచ్చింది. తలుపు ఆవిడకి లొంగలేదు, అటెండరు మోకాలితో పొడిచి తెరిచాడు. గొడుగు, టిఫిను డబ్బా, దారం చుట్టిన కళ్లజోడు తీసుకుని సంచిలో పెట్టుకుంది. సొరుగు లాగింది. ముద్ర పక్కన ఒక కాగితమ్ముక్క బోర్లా పడి ఉంది. తిప్పి చూసింది. తను పేరు రాయించి తెచ్చిన డాక్టరు చీటీ. నాలుగు గంటలు అన్న అంకె మీద నుంచి ఊదారంగులో, ఒక్క అక్షరం చెదరకుండా, చర్చించి తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది అని ఉంది.

"చూశావా ఈయన పని" అంది అటెండరుతో, నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. బల్ల పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని చీటీని మడిచి కళ్లజోడు పక్కన పెట్టుకుంది. ముద్ర కూడా తీసుకోమంటే, "అది ఆఫీసుదయ్యా, ఆయనది కాదు" అని వెళ్లిపోయింది.

ముద్ర బల్ల మీద వెల్లకిలా ఉండిపోయింది. అరిగిన రబ్బరు అక్షరాల సందుల్లో, ఆయన వేసిన రెండు నీటి చుక్కలకి కరిగిన ఊదారంగు సిరా ఇంకా అంటుకునే ఉంది.