చేతులు కట్టుకోని పిల్ల

"మీ మేనకోడలు చేతులు కట్టుకోవట్లేదు, ఒకసారి రండి" అని హెడ్‌మాస్టరు ఫోను చేస్తే నాకు చెప్పులని వినిపించింది. కొత్త జత కొని, మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన చెప్పుల పెట్టెను చూసి, నన్ను చూసి, "వినపడనిది ఆ అమ్మాయికా, మీకా?" అన్నారు.

"మా ఇంట్లో తలా కాస్తా పంచుకున్నామండి" అన్నాను.

మా మేనకోడలికి పుట్టుకతోనే వినపడదు. వాళ్ళ అమ్మమ్మకు, అంటే మా అమ్మకూ అంతే. ఇద్దరూ సైగలతోనే మాట్లాడతారు. మా అమ్మ నన్ను చేయి చేసుకోకుండా పెంచిందని చెప్పలేను, ఆవిడకు తిట్టడమన్నా చేయి చేసుకోవడమే.

"పాఠం జరుగుతున్నంతసేపూ పిల్లలు చేతులు కట్టుకోవాలి. మా బడి పద్ధతి అది. ఈ అమ్మాయి వినదు."

"వినదనే కదండీ చేర్చేటప్పుడు చెప్పాం."

ఆయన నవ్వలేదు. సోమవారం నుంచి పిల్లను వరండా చివరి గదికి పంపుతామన్నారు. చదువు చెప్పడం తమకు చేతకాదనుకున్న పిల్లలందరినీ అందులో కూర్చోబెట్టి బొమ్మలకు రంగులు వేయిస్తారు. ఆయా ఉంటుంది, పాఠాలుండవు.

ఇదంతా అమ్మకు సైగల్లో చెప్పాను.

"మీరేమంటారమ్మా?" అన్నారాయన.

అమ్మ కుర్చీలో నిటారుగా సర్దుకుని, చేతులు కట్టుకుని ఆయన వంకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆయనే నా వైపు తిరిగారు.

"ఏమంటున్నారు?"

"ఏమీ అనట్లేదండి. మీ పద్ధతి పాటిస్తోంది."

అప్పుడు విప్పింది చేతులు. చేతులు ఆవిడవి, నోరు నాది.

"మా చిన్నప్పుడు చెవిటి పిల్లల బళ్ళో, నోటితోనే పలకాలని మా చేతులు వెనక్కి పెట్టి రిబ్బనుతో కట్టేవారు. మేము బెంచీ కింద కాళ్ళతో మాట్లాడుకున్నాం. అప్పుడు రిబ్బను, ఇప్పుడు రూలు. ముడి మాత్రం అదే. మాకప్పుడు అడిగేవాళ్ళు లేరు. దీనికి చట్టముంది, నేనున్నాను. పిల్ల ఆ గదికి వెళ్ళదు."

"ఒక్క పిల్ల కోసం బడి పద్ధతి మార్చమంటారా?"

"మాట్లాడాలంటే ఎదుట ఇంకొకరుండాలి కదా. అందరి చేతులూ విప్పించండి."

"విప్పించకపోతే?"

"రోజూ వచ్చి దాని పక్కన కూర్చుంటాను. నాకు వేరే పనేమీ లేదు."

ఆయన అమ్మ చేతుల వంక చూశారు. అవి అలిసిపోయే రకంలా కనిపించలేదు. లేచి మమ్మల్ని క్లాసుకు తీసుకెళ్ళారు. "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అని టీచరమ్మతో గొణిగి, పిల్లలకు సంగతి చెప్పమని నన్ను ముందుకు తోశారు.

"మా పిల్ల అల్లరి చేయట్లేదర్రా, మాట్లాడుతోంది. దాన్ని చేతులు కట్టుకోమనడం, మిమ్మల్ని నోరు కుట్టుకోమనడం ఒకటే" అన్నాను.

మా పిల్లకు ముందు బెంచీలో కూర్చున్న పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి దాన్ని చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "మరి రోజూ నా భుజం తట్టి, మొహం మీద చేతులాడించేది. వెక్కిరింత కాదా అది? ఏమనేది?"

నేను సైగల్లో అడిగితే, మా మేనకోడలు క్లాసు మొత్తం చూసేలా చేతులు పైకెత్తి మళ్ళీ అదే చెప్పింది. నేను పైకి చదివాను.

"నీ తల కాస్త జరుపు, బోర్డు కనిపించట్లేదు."