గ్రీజు మరక లేని చొక్కా

మూడు నెలలుగా ఆ ఇంట్లో సబ్బు వాడకం తగ్గింది. అందుకు సంతోషించాల్సిన ఇల్లాలు బకెట్టు ముందు పీట వేసుకుని, భర్త పనిచొక్కాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. లిఫ్టు మెకానిక్ చొక్కా అంటే ఎలా ఉండాలి? మోచేతుల దాకా గ్రీజు, వీపున తుప్పు, జేబులో రెండు నట్లు. ఇదేమో బ్యాంకు గుమాస్తా చొక్కాలా మెరిసిపోతోంది.

"ఏవండీ, మీరు పనికే వెళ్తున్నారా?"

"పనికి కాక షికారుకి వెళ్తున్నానా?" అని నవ్వేశాడు మెకానిక్.

"మరి గ్రీజు ఏది?"

"అన్నీ కొత్త రకం మిషన్లు. మరకలు పడవు."

అబద్ధం చెప్పేటప్పుడు అతను చెవి వెనక గోక్కుంటాడని పదహారేళ్ల కాపురంలో ఆమెకు తెలిసొచ్చింది. ఇప్పుడూ గోక్కున్నాడు.

అసలు సంగతి ఇది. ఈ మనిషిని కంపెనీలో అందరూ 'గట్టిపిండం' అంటారు. లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, ఎనిమిది అంతస్తుల లోతున్న గుంతలో వేలాడే ఉక్కు తాళ్లను ఒక్కొక్కటే తడిమి చూడటం అతని పని. ఆరు నెలల క్రితం అలా నిలబడి ఉండగా, పెట్టె ఒక్కసారిగా ఒక అంతస్తు కిందికి జారింది. బ్రేకు పట్టింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. తోటివాళ్లు వీపు తట్టి, టీ తాగించి, "గట్టిపిండంరా బాబూ!" అన్నారు. మర్నాడు మామూలుగానే పనికి వెళ్లాడు. కానీ కొన్ని వారాలకు గుంత తలుపు తెరిస్తే చాలు, కాళ్లలో వణుకు, ఒళ్లంతా చెమటలు, గుండె గొంతులోకి వచ్చినట్టుండటం. దెబ్బే తగలనివాడికి జబ్బేమిటి? ఎవరికి చెప్పుకుంటాడు? మింగలేక కక్కలేక, పైకి ఎక్కకుండానే తనిఖీ కాగితం మీద 'తాళ్లు చూశాను, బాగున్నాయి' అని సంతకం పెట్టేయడం మొదలుపెట్టాడు. అలా సంతకం పెట్టిన నాలుగు లిఫ్టుల్లో ఒకటి ప్రసూతి ఆసుపత్రిది.

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. కాలు విరిగితే కట్టు కట్టించుకుని పదిమందికీ చూపిస్తాం. మనసు బెదిరితే మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటాం. అలా దాచిన భయం మనతోనే ఆగుతుందా? బిడ్డల్ని ఎత్తుకుని ఆ లిఫ్టు ఎక్కే తల్లుల దాకా పాకింది చూడండి.

ఇల్లాలు వదిలే మనిషి కాదు. నాలుగు రోజులు సతాయిస్తే, "ఎక్కాలంటే భయంగా ఉంటోందే" అన్నంత వరకు కక్కాడు. సంతకాల మాట మాత్రం చెప్పలేదు. కౌన్సెలింగుకి వెళ్దామంది ఆమె. "నాకేమైనా పిచ్చా?" అని ఎగిరాడు గాని, వెళ్లాడు.

మొదటాయన దగ్గర్లోనే 'కౌన్సెలర్' అని బోర్డు కట్టుకున్న పెద్దమనిషి. మెకానిక్ రెండు మాటలు చెప్పగానే అందుకుని, "మగవాడివై ఉండి భయమేమిటయ్యా! పెళ్లాం పిల్లల్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకో," అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోను మాట్లాడాడు. పైగా, పక్కవీధి టీచరమ్మ తన దగ్గర ఎందుకు ఏడ్చిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. మెకానిక్‌కి అనుమానం పట్టుకుంది. రేపు నా కథ ఏ వీధిలో చెబుతాడో!

"చూశావా, ఇదీ నీ కౌన్సెలింగు," అన్నాడు బయటికొచ్చి.

"బాగుంది! ఒక దర్జీ చెడగొట్టాడని జన్మంతా చొక్కా లేకుండా తిరుగుతారా? దర్జీని మారుస్తారు గాని!"

ఈసారి ఆమె బోర్డు చూసి నమ్మలేదు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి ఫోను చేసి అడిగింది. అక్కడ కూర్చునేవాళ్లు ఏం చదివారు? ప్రమాదం తర్వాత వచ్చే భయాలను చూసిన అనుభవం ఉందా? మా ఆయనకు పొసగకపోతే ఇంకొకరి దగ్గరికి మారొచ్చా? "మారొచ్చమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు," అంది అవతలి గొంతు. ఆ జవాబుతో ఆమెకు సగం నమ్మకం కుదిరింది.

అక్కడ ఒక నడివయసు కౌన్సెలరమ్మ. రెండు కుర్చీలు, ఒక కిటికీ, నోరు కట్టేసిన ఫోను. మెకానిక్ కూర్చుంటూనే, ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితం ఆమె చేతికిచ్చాడు. కంపెనీ ఫిర్యాదు పత్రం ఎలా ఉంటుందో అలాగే రాశాడు. లోపం: కాళ్ల వణుకు. ఎప్పటి నుంచి: అయిదు నెలలు. కారణం: ఏమీ లేదు, దానంతటదే.

ఆమె చదివి, "లిఫ్టు ఆగిపోయిందని మీకు ఫోను చేసేవాళ్లు కూడా ఇలాగే చెబుతారా?" అంది.

"ఇలాగే మేడం! తలుపు సందులో చీపురు ఇరికించి, 'మేమేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగింది' అంటారు," అన్నాడు. అని, ఠక్కున ఆగి, తన కాగితం వంక చూసి సిగ్గుపడ్డాడు.

ఆమె నిదానంగా చెప్పింది. "ఒక్కరోజులో బాగుచేసి పంపలేనండి. వారానికోసారి, ముప్పావు గంట. మీరు చెబుతారు, నేను వింటాను, అడుగుతాను. ఇంటి దగ్గర చెయ్యడానికి చిన్న చిన్న అభ్యాసాలు ఇస్తాను. మధ్యలో భయం ఎక్కువైనట్టు కూడా అనిపించొచ్చు. నా పద్ధతి నచ్చకపోతే మొహం మీదే చెప్పండి. ఇక్కడి మాట ఈ గది దాటదు. ఒక్కటి తప్ప. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందంటే నేను ఊరుకోలేను. అప్పుడు కూడా ముందు మీతో చెప్పే చేస్తాను."

మెకానిక్ లేచి వెళ్లిపోదామనుకున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరి ప్రాణం పోతుందో! ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె తొందరపెట్టలేదు. ధైర్యం గురించి ఉపన్యాసం విన్నప్పుడు రాని ధైర్యం, ఆమె ఊరుకుని కూర్చుంటే వచ్చింది.

"మేడం, నాలుగు లిఫ్టులు చూడకుండానే సంతకం పెట్టాను," అని భోరున ఏడ్చాడు.

"మీ కంపెనీకి ఫోను నేను చెయ్యనా, మీరు చేస్తారా?"

"నేనే చేస్తాను."

అక్కడి నుంచే సూపర్‌వైజరుకి చేశాడు. అవతలి తిట్లు గదంతా వినిపించాయి. గంటలో నాలుగు లిఫ్టులూ ఆపేశారు. మూడు బాగానే ఉన్నాయి. ప్రసూతి ఆసుపత్రి లిఫ్టు తాళ్లలో మాత్రం ఒకదాని పోగులు సగానికి పైగా తెగి ఉన్నాయి. సంతకాల సంగతితో సహా ఆ మాట విని ఇల్లాలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఉద్యోగం పోలేదు గాని, సంతకం పెట్టే అధికారం తీసేసి గోదాములో కూర్చోబెట్టారు. మూడో వారం నిజంగానే భయం పెరిగింది. మానేస్తానని మొరాయించాడు. "ఆ మాట కూడా ఆ మేడంతోనే చెప్పండి," అంది ఇల్లాలు. చెప్పాడు. కౌన్సెలర్ కోప్పడలేదు, అభ్యాసాలు కాస్త తేలిక చేసింది. మొదట గుంత తలుపు ముందు నిలబడటం, తర్వాత పైకప్పు మీద ఒక కాలు మోపడం. పదకొండో వారం, సూపర్‌వైజరు పక్కన ఉండగా, రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. చెమటలు పట్టాయి. అయినా దిగిపోలేదు.

మర్నాడు ఉదయం మెకానిక్కులందరి ముందు అతన్ని మాట్లాడమన్నారు. "నాకు దెబ్బ తగల్లేదని మీరంతా సంతోషించారు. నేనూ అలాగే అనుకున్నాను. తగిలింది లోపల. చెప్పుకోవడానికి సిగ్గుపడి, ముక్కూ మొహం తెలియని తల్లుల ప్రాణాల మీదికి తెచ్చాను. నన్ను క్షమించండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్లాక సూపర్‌వైజరు మాత్రం అక్కడే నిలబడ్డాడు. ఆనాడు ఫోనులో అన్ని తిట్లు తిట్టిన మనిషి గొంతు తగ్గించి, "రెండేళ్ల కిందట గుంతలో పడిన మన ఎలక్ట్రీషియన్‌ని బయటికి తీసింది నేనే. ఇవాళ్టికీ కళ్లు మూసుకుంటే అతనే కనిపిస్తాడు. ఆ మేడం నంబరు ఇస్తావా?" అన్నాడు.

మెకానిక్ నంబరు రాసి చేతిలో పెట్టాడు. "భయం ఎవరికైనా వస్తుంది సార్. సరైన మనిషిని వెతుక్కుని నిజం చెప్పుకుంటే సగం వైద్యం అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి వారం వారం ఓపిగ్గా వెళ్లాలి, అంతే."