కోలగుండ్రంలో భూమవ్వ

నేను ఒక కోలగుండ్రం గీతను. పెన్సిలుతో కాగితం మీద గీసిన గీతను కాదు. కంప్యూటరులో, ఒక వర్డ్ ఫైలులో, తెల్లటి పేజీ నడుమ ఉంటాను. చేతికి దొరకను, మౌస్ బాణానికి మాత్రమే దొరుకుతాను. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. దశదిన కర్మ కార్డు మీద పోయినవారి ముఖం చుట్టూ ఉండే గీత ఉంటుంది చూడండి, అది నేనే. మీరు ముఖం చూస్తారు, పేరు చదువుతారు, భోజనాలు ఎక్కడో చూసుకుని కార్డును కిటికీలో పెడతారు. గీత సంగతి ఎవరికి కావాలి? మొదట్లో కోపం వచ్చేది గానీ, ఇప్పుడు అలవాటైపోయింది.

నా పుట్టుకే ఒక పొరపాటు. మెట్‌పల్లిలో, ఒక మేడ మీది కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పుట్టాను. ఆ రోజు పాఠం 'ఇన్సర్ట్' మెనూ. ఖాళీ పేజీని ఎలా చొప్పించాలి, ఫొటోను ఎలా తెచ్చి పెట్టాలి, ఆకారాలు ఎలా గీయాలి అని సారు చెబుతున్నాడు. డిగ్రీలో ఒక సబ్జెక్టు తప్పి, ఖాళీగా ఉండలేక చేరిన గుండేటి దశరథం సున్నా గీద్దామని మౌస్ లాగాడు. షిఫ్ట్ మీట నొక్కిపట్టి లాగితే గుండ్రని సున్నా వస్తుంది. అతను ఆ మీట నొక్కడం మరిచాడు. నేను అడ్డదిడ్డంగా సాగిపోయాను.

సారు వెనక నుంచి చూసి, "సున్న గియ్యుమంటె గుడ్డు పెట్టినవేందిరా దశరథం!" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. సిగ్గుతో నన్ను చెరిపేస్తాడనుకున్నాను. ఎందుకో చెరపలేదు. ఫ్లాపీలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు.

తర్వాత అతను అంగడిబజారులో చిన్న డీటీపీ దుకాణం పెట్టాడు. మొదట్లో నాకు మంచి రోజులే నడిచాయి. పుట్టినరోజు కార్డుల్లో బోసినోటి పిల్లల్ని నాలో కూర్చోబెట్టేవాడు. చుట్టూ బుడగలు, నక్షత్రాలు కూడా చొప్పించేవాడు. ఒకరోజు ఎవరో ఏడుస్తూ వచ్చి కర్మ కార్డు కావాలన్నారు. తొందరలో కొత్తది గీసే తీరిక లేక, బుడగలు తీసేసి, అటూ ఇటూ రెండు దీపాల బొమ్మలు పెట్టి, నాలో ఒక ముసలాయన ముఖం నింపాడు. ఆ సంగతి దశరథం తల్లికి తెలిసింది. "సావు కార్డుల పెట్టినదాన్ని మల్ల పిల్లల కార్డుల పెడ్తవా? బుద్ధి ఉన్నదా నీకు?" అని దుకాణానికి వచ్చి మరీ తిట్టింది. అంతటితో నా శుభకార్యాలు ముగిశాయి. పిల్లల కోసం అతను వేరే ఫైలులో పూలరెక్కల చట్రం ఒకటి గీసుకున్నాడు. నన్ను 'కర్మ' అనే ఫైలులో వదిలేశాడు.

అందులో నా బతుకు ఏమని చెప్పను? ఊళ్లో ఎవరూ పోనన్ని రోజులూ నన్ను తెరిచేవారే ఉండరు. తెరిచారంటే ఎవరో పోయారన్నమాట. ఒక ముఖం వస్తుంది, దాన్ని కాస్త ఎరిగేలోపే కార్డు అచ్చుకు పోతుంది. మళ్లీ తెరిస్తే ఆ ముఖాన్ని తీసేసి ఇంకో ముఖం నింపుతారు. దశరథానికి ఒక పాడు అలవాటు ఉండేది. ప్రతి కార్డుకూ కొత్త ఫైలు చేసుకోడు. పాత కార్డు మీదే ఫొటో మార్చి, పేరు మార్చి, అలాగే సేవ్ చేస్తాడు. అందుకే నాలోకి వచ్చినవాళ్లు ఒక్కరూ నిలవలేదు. కొందరికి పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన ముఖం ఉండేది, భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయేది. ఆ చెయ్యి ఎవరిదా అని రాత్రీపగలూ ఆలోచించేదాన్ని.

మనుషుల చోద్యాలు కూడా చూశాను. బతికి ఉండగా అన్నను పలకరించని తమ్ముడు, 'ఆహ్వానించువారు' కింద తన పేరు పైన రావాలని పోట్లాడేవాడు. అల్లుళ్ల పేర్లు, మనవల పేర్లు, మనవరాలి మామగారి పేరు కూడా చేరేవి. చోటు చాలక దశరథం ఇంకో ఖాళీ పేజీ చొప్పించేవాడు. పోయిన మనిషికి నా అంత చోటు, పిలిచేవాళ్లకు రెండు పేజీలు. అయినా ఆ సందడి నాకు ఇష్టంగానే ఉండేది. వాళ్లు పోయాక దుకాణం షట్టరు దిగితే నేనూ నాలోని ముఖమూ తప్ప ఎవరూ ఉండేవాళ్లం కాదు. ఆ ముఖం నాతో మాట్లాడేది కాదు.

అలాంటి రోజుల్లో లసుమవ్వ వచ్చింది.

ఆమె బీడీలు చుట్టే మనిషి. పెళ్లయిన కొత్తలోనే, కొడుకు చంకలో ఉండగానే భర్త పోయాడు. ఆమె వెంట ఆమె బావ లింబయ్య ఉన్నాడు. పోయింది లింబయ్య భార్య భూమవ్వ, అంటే లసుమవ్వకు సొంత అక్క. తల్లి లేని లసుమవ్వను ఎత్తుకుని పెంచింది ఆ అక్కే. భర్త పోయి పుట్టింటికి వస్తే తన ఇంటి పక్కనే గది చూపించి, తునికాకు చేతికిచ్చి, బతకడం నేర్పింది కూడా ఆమే.

దశరథం ఫొటో అడిగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫొటో లేదు తమ్మీ," అంది లసుమవ్వ. "ఫొటో దిగితె ఆయుస్సు తగ్గుతదని మా అక్క ఎన్నడు దిగలె."

"ఓటు కార్డు ఉంటది గదక్కా?"

లింబయ్య జేబులోంచి ఆ కార్డు తీసి ఇచ్చాడు. అందులో భూమవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. కొంగు అంచు, ముక్కు కొస తప్ప ఏమీ కనబడటం లేదు. అన్నేళ్లుగా ఆ ఊళ్లో ఓటు వేసింది ఆ కొంగే అనుకోవాలి.

"ఫొటో లేకుంటె దీపం బొమ్మ పెడ్త. శానమందికి గట్లనే పెట్టిన," అన్నాడు దశరథం.

"దీపం ఎవలిదైతె ఏంది? గది మా అక్కనా?" అంది లసుమవ్వ. "దినాలయినంక గోడకు ఏం తగిలియ్యాలె? పూలదండ దేనికెయ్యాలె? నాల్గు రోజులైతె ఆమె మొకం ఎట్లుంటదో ఎవలికి యాదికుండది."

దశరథం ఓటు కార్డు తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు ఆమె అంది, "నా ఫొటో తీసి పెట్టు. మా ఇద్దరిది ఒక్కతీర్గనె ఉంటది."

దశరథం మౌస్ వదిలేశాడు. "బతికున్న మనిషిని కర్మ కార్డుల ఎట్ల పెడ్తనక్కా? నాకు పాపం తగుల్తది."

"నీకెందుకు తగుల్తది? తగిలితె నాకే తగలనియ్యి."

లింబయ్య వద్దని తల అడ్డంగా ఊపాడు గానీ, ఆమె అతని వైపు చూడనే లేదు. ఇంటికి పోయి అక్క పట్టుచీర కట్టుకుంది. అక్కలాగే పాపిట తీసి, అక్క ముక్కుపుడక పెట్టుకుని వచ్చింది. పక్కనున్న ఫొటో స్టూడియోలోకి పోయేముందు ఒక్క క్షణం ఆగింది. భూమవ్వ ముత్తైదువుగా పోయింది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు లేనిదే ఆమె భూమవ్వ కాదు. లసుమవ్వ నుదురేమో ఏళ్ల తరబడి బోసిగా ఉంది. ఆమె గోడ వైపు తిరిగి, చీర కొంగున ముడివేసుకు తెచ్చిన కుంకుమ తీసి, దిద్దుకుంది. అద్దం లేక బొట్టు కాస్త పక్కకు పోయింది. సరిచేయమని అడగడానికి అక్కడ ఆడవాళ్లెవరూ లేరు.

ఆ ఫొటోను దశరథం నాలో నింపాడు. నేను చాలా ముఖాలు మోశాను గానీ, లోపల ఉన్న మనిషే ఎదురుగా నిలబడి నన్ను చూడటం అదే మొదటిసారి. బయట ఉన్నామె అప్పటికే బొట్టు తుడిచేసుకుంది. నుదుట ఎర్రటి మరక మిగిలింది. లింబయ్య ఒక్కసారి తెర వైపు చూసి, "భూమీ" అన్నాడు. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఈ సంగతి ముగ్గురి మధ్యే ఉండాలని లసుమవ్వ దశరథం చేత ఒట్టు వేయించుకుంది. నాలుగో దాన్ని నేను ఉన్నానని వాళ్లకు తట్టలేదు.

దశదిన కర్మ జరిగిపోయింది. లింబయ్య ఇంటి గోడకు పెద్ద ఫొటో ఎక్కింది. పూలదండా పడింది. కానీ లసుమవ్వకు అది కంటికి దూరమే. పెళ్లాం పోయిన బావ ఇంటికి భర్త లేని మరదలు మాటిమాటికీ పోతే లోకం ఊరుకుంటుందా? ఆమె దగ్గర ఉన్న కార్డులోనేమో నల్లసిరా అలికి, కళ్లేవో ముక్కేదో తెలియకుండా అయింది. అందుకని కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి తిరిగి వస్తూ, ఒకరోజు ఆమె దుకాణం ముందు ఆగింది.

"తమ్మీ, మా అక్కను ఒక్కసారి సూపిస్తవా?"

దశరథం ఎప్పటిలాగే ఆ కార్డు మీదే ఎప్పుడో ఫొటో మార్చేసి ఉన్నాడు. అప్పటికి నాలో కోరుట్ల నుంచి వచ్చిన ఎవరో పటేలు ఉన్నాడు. కంప్యూటరంతా వెతికి, స్టూడియో ఫొటో దొరికితే అదే తెర మీద పెట్టాడు. నీలం పరదా ముందు కూర్చున్న మనిషి, పట్టుచీర, ఎర్రటి బొట్టు. లసుమవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని.

"తియ్యి తియ్యి! గిది నేను గదా. బొట్టువెట్టుకున్నదని ఎవలన్న సూస్తె నన్ను బతుకనిస్తరా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అక్కేది? మా అక్కను సూపియ్యి."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఫైలు తెరిచి, పటేలును తీసేసి, ఆమెను మళ్లీ నాలో నింపాడు. దీపాలను దగ్గరికి జరిపాడు. నా కింద 'కీ.శే. భూమవ్వ' అని టైపు చేశాడు. లసుమవ్వ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఆఁ, గిదిగో," అంది. "అద్దంల నేను గనవడ్త. గీడ మా అక్క గనవడ్తది."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను. గీతగా పుట్టి నేను చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే. నా బయట ఉంటే ఆమె తప్పు చేసిన మనిషి. నాలో ఉంటే ముత్తైదువ అక్క. దశరథం ఆ రోజు తన అలవాటు మార్చుకున్నాడు. ఆ కార్డును 'భూమవ్వ' పేరుతో వేరే ఫైలుగా దాచాడు. ఊళ్లో చావులకు నా నకలు ఒకటి పోయింది. నేను ఆమె దగ్గర ఉండిపోయాను.

ఆ తర్వాత లసుమవ్వ చాలాసార్లు వచ్చింది. దశరథం ఫైలు తెరిచి తన పని తాను చూసుకునేవాడు. ఆమె కొడుకును బడిలో వేసిన సంగతీ, నడుము నొప్పి సంగతీ అక్కతో గొణిగేది. నేను వినేదాన్ని, నాలోని ముఖం వినేది కాదు. జవాబు చెప్పలేకపోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. రానురాను ఆమె రాకలు తగ్గాయి. దశరథం కొత్త కంప్యూటరు కొని, నేనున్న పాతదాన్ని మూలకు నెట్టాడు. కార్డులన్నీ ఫోన్లలోనే తయారవుతున్నాయట. నన్ను తెరిచేవారు లేరు. ఆమె బతికి ఉందో లేదో చెప్పేవారూ లేరు. నా ఒంటరితనం ఎంత పెద్దదో ఆ ఏళ్లలో కొలుచుకున్నాను.

మొన్న ఒకరోజు తెర వెలిగింది. దశరథం జుట్టు నెరిసిపోయి ఉంది. పక్కన గుండు చేయించుకున్న యువకుడు నిలబడి ఉన్నాడు. లసుమవ్వ కొడుకు గంగాధర్ అని మాటల్లో తెలిసింది. లసుమవ్వ పోయింది. ఆమె కర్మ కార్డుకు ఫొటో కావాలి.

"అమ్మవి నా ఫోన్ల ఉన్నయిగని కాకా, అన్నిట్ల నీరసంగ ఉన్నది. పాతది మంచిది నీ దగ్గర ఏమన్న ఉన్నదా?"

దశరథం నన్ను తెరిచాడు. బహుశా నిజం చెప్పే వేళ వచ్చిందని అనుకున్నాడేమో. నా కిందున్న పేరు కనబడకుండా పేజీని కిందికి జరిపి, ముఖం మాత్రం చూపించాడు. గంగాధర్ వంగి చూశాడు. తల్లి పడుచుదనంలో, పట్టుచీరలో, పక్కకు జరిగిన బొట్టుతో అతని వైపే చూస్తోంది.

"గిది మా పెద్దమ్మ గద కాకా," అన్నాడతను. "లింబయ్య పెదనాన్న ఇంట్ల గోడకు ఉండె. చిన్నప్పటిసంది మొక్కుతున్న. మా అమ్మకు బొట్టెక్కడిది?"

దశరథం పెదవి కదిలింది. చెబుతాడనుకున్నాను, చెప్పాలనీ అనుకున్నాను. ఆమె వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చిందో, లేక అక్క ముఖాన్ని నిలబెట్టి ఆమె గెలిచిందని అతనికీ తోచిందో మరి.

"అవునురా, పెద్దమ్మనే," అన్నాడు. "నేనే మర్చిపోయిన."

గంగాధర్ తెరకు దండం పెట్టి, ఫోనులోంచి ఒక ఫొటో తీసి చూపించాడు. ఆసుపత్రి మంచం మీద, బోసి నుదుటితో, కళ్లు సగం మూసిన ముసలామె. ఆ ఫొటోను ఇంకెక్కడో, ఇంకో గీతలో నింపుతారు. ఆ గీతకు ఆమె ఎవరో తెలియదు. దశరథం ఫైలు మూసేముందు ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత కంప్యూటరు ఆపేశాడు.

కన్నకొడుకు ఎదుటికి వచ్చి, చూసి, పెద్దమ్మా అని దండం పెట్టి పోయాడు. లసుమవ్వ ఇంకా నాలోనే ఉంది.