భేష్ గారి చివరి బేరం

మూడో ఫ్రేము పెట్టి, అద్దం అందించి, ఒకడుగు వెనక్కి వేసి "భేష్" అన్నాడాయన. కుర్చీలోని బట్టతలాయన ముఖం చేటంతయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ముప్పై ఒక్కేళ్ళుగా ఆ మాటతోనే నెట్టుకొచ్చాడు కనక, అసలు పేరు మరిచి అందరూ ఆయన్ను భేష్ గారనే పిలిచేవారు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కొనేవాళ్ళ ముఖాల్లోకి చూసి చూసి మెడ కాస్త ముందుకు వంగిపోయింది.

ఎవరికి ఏ మాట కావాలో ఆయనకు కొట్టినపిండి. లాయరుకు హుందాతనం, కాలేజీ పిల్లకు కళ, ఎంతటివాడినైనా ఇట్టే మునగచెట్టు ఎక్కించేస్తాడు. ముఖస్తుతికీ మెచ్చుకోలుకీ తేడా ఏమిటని యజమాని ఓసారి అడిగితే, బిల్లు కట్టకముందు అనేది ముఖస్తుతి, కట్టాక అనేది మెచ్చుకోలు అన్నాడు. కట్టాక తనెప్పుడూ ఏమీ అనలేదని కూడా ఒప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం నోరు పెగలదు. పెళ్ళయిన కొత్తలో భార్య ముస్తాబై ఎదుట నిలబడితే, అలవాటుకొద్దీ "భేష్" అన్నాడు. కొట్టు మాటలు కొట్టులోనే వదిలి రమ్మందావిడ. అప్పట్నుంచీ ఆమె కోసం వేరే మాట వెతుకుతూనే జుట్టు నెరిసింది. ఇవాళ సాయంత్రంతో ఉద్యోగం కూడా అయిపోతోంది. ఆ మాట ఇక దొరకదేమోనని ఆయన బెంగ.

నాలుగింటికి ఆవిడే వచ్చి కుర్చీలో కూర్చుంది. దగ్గరచూపు ఆనడం లేదట. తోటివాళ్ళు పని మానేసి చెవులు రిక్కించారు.

ఆయన మొదటి ఫ్రేము పెట్టి, వెనక్కి జరిగి, నాలుక చివరికొచ్చిన మాటను మింగేశాడు.

"బాగాలేదు."

యజమాని ఉలిక్కిపడ్డాడు. ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. రెండోదానికి కళ్ళు చిన్నవైపోయాయన్నాడు. మూడోది పెడితే, నవ్వినప్పుడు కంటి పక్కన పడే మడత కనబడడం లేదట. నాలుగోది కనుబొమ కింది పుట్టుమచ్చను కప్పేసిందట. ఐదోదాన్ని, మరీ పెద్దది, ఎడమ చెంప సొట్టకు అడ్డమని విసుక్కుంటూ తీసేశాడు.

ఆవిడ అద్దం దించి ఆయన్నే చూసింది.

"ఇన్నేళ్ళూ ఇవన్నీ చూస్తూనే ఉన్నారా?"

"చూడకేం?"

ఆవిడ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఆరోది పెట్టి ఆయన ఏమీ అనలేదు, చూస్తూ ఉండిపోయాడు. అదే చాలంది ఆవిడ. ఆనందంతో ఆయనకు కాళ్ళు నేల మీద ఆనలేదు. యజమాని చేయి రెండు చేతులా పట్టుకుని ఊపి, భార్య వెనకే మెట్లు దిగి, ఇక రానక్కర్లేని ఆ దుకాణం నుంచి వెళ్ళిపోయాడు.

బల్ల మీద ఐదు ఫ్రేములు మిగిలాయి. కొట్టు కట్టేసే దాకా వాటిని ఎవరూ అలమారలో సర్దలేదు.