ఆవిరి సీసా

పొద్దున లేస్తే స్వరూపకు రెండు వంటలు. శాలిబండ ఇంట్లో మనుషులకొకటి, తాను అటెండరుగా పనిచేసే ప్రయోగశాలలో పండ్ల ఈగలకొకటి. మక్కపిండి, బెల్లం, ఈస్టు కలిపి అడుగంటకుండా ఉడికించి సీసాల్లో పోయాలి. ఈగలను వదిలి పత్తి బిరడా పెట్టాలి. ఆ వంటకు నెలనెలా జీతం వస్తుంది, పైగా ఏ ఈగా ఇంతవరకు వంక పెట్టలేదు. ఇంట్లో మాత్రం భర్త రాజన్న "గిది కూరనా, కుడితా?" అంటూ పళ్ళెం విసిరేస్తాడు. మందు తక్కువైన రోజు నేలకు, ఎక్కువైన రోజు గోడకు. "మొగోడన్నంక తాగడా? నాకు అలవాటు గాలే? నీకూ అయితది," అంటుంది అత్త సక్కుబాయి, స్వరూప మెతుకులు ఎత్తడానికి వీలుగా కాళ్ళు పక్కకు జరుపుకుంటూ.

ప్రయోగశాలలో అనూహ్య మేడం సీసాల్లోకి ఆల్కహాల్ ఆవిరి వదిలి, ఈగలు ఏం చేస్తాయో రాసుకుంటుంది. కొత్త ఈగలైతే ఉలిక్కిపడి గోడలెక్కి ఉరుకుతాయి. శుక్రవారం ఒక సీసాలో మాత్రం ఒక్కటీ కదల్లేదు. చావలేదు, పడిపోలేదు. ఎర్రటి కళ్ళతో స్వరూపనే చూస్తున్నట్టు నిలబడ్డాయి. ఆమె సీసాను వేలితో తట్టి చూసింది.

"ఇవేంది మేడం, గింత నిమ్మళంగ ఉన్నయి? తాగలేదా?"

"తాగుడు అవసరం లేదక్కా, ఆవిరి చాలు. ఒంట్ల హార్మోన్లు, మెదడు కలిసి 'ఉరుకు' అని కబురు పంపుతయి. రోజూ గదే ఆవిరైతే కబురు మెల్లగ ఆగిపోతది. మనం గట్టి ఈగ అనుకుంటం. గట్టిది గాదు, మెదడు మారింది."

"మళ్ల మామూలు గావా?"

"కొత్త సీసాలకు మార్చి చూడాలె. కొన్ని అయితయి. కొన్నిటికి మస్తు దినాలు పడ్తది."

ఆదివారం మధ్యాహ్నం రాజన్న పళ్ళెం గోడకు తగిలింది, సరిగ్గా కూతురు సోని తల మీదుగా. తొమ్మిదేళ్ళ సోని కింద కూర్చొని బడి కోసం తెలంగాణ పటం గీస్తోంది. మూలన సీతాఫలం తొక్కల మీది ఈగలన్నీ ఒక్కసారిగా లేచాయి. సోని పెన్సిలు గీత వణకలేదు. మూడేళ్ళప్పుడు ఇదే చప్పుడుకు లాగు తడుపుకున్న పిల్ల, ఐదేళ్ళప్పుడు మంచం కింద దూరిన పిల్ల, ఇప్పుడు గోదావరి వంపు నిదానంగా దిద్దుకుంటోంది. ఒక ఈగ వచ్చి ఆమె కనురెప్ప మీద వాలింది. సోని రెప్ప కూడా ఆర్పలేదు.

"మా సోనిది షేర్ గుండె! జర సుత బెదరదు," అని సక్కుబాయి మురిసిపోయింది.

స్వరూపకు భయం వేసింది. రాజన్నను చూసి కాదు, వణకని ఆ గీతను చూసి. రెండు జతల బట్టలు సంచిలో కుక్కి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"యాడికే?" అంది అత్త.

"సీసా మార్చనీకి," అంది స్వరూప.

ఆటో ఎక్కి మాదన్నపేటలో తనతో పనిచేసే షారోన్ ఇంటికి చేరింది. షారోన్ ఏమీ అడగకుండా చాప పరిచింది. రాజన్న రోజూ ఫోన్ చేశాడు. మొదట తిట్టాడు, తర్వాత ఏడ్చాడు. పదో రోజు, "తాగుడు బంద్ జేసిన, నీ మీదొట్టు. ఇంటికి రాయే, మా అమ్మతోని వంట అయితలేదు," అన్నాడు. స్వరూపకు నవ్వొచ్చింది గాని, లోపల ఏదో మెత్తబడింది. ఎన్నాళ్ళని ఒకరింట్లో ఉంటుంది? ఒట్టు నిలబడకపోయినా తనకేం కొత్త? పన్నెండేళ్ళు భరించింది, ఇంకొన్నేళ్ళు భరించలేదా? తాను గట్టి మనిషి. పిల్లకు తాను అడ్డుంటే సరిపోతుంది. అట్లా తనకు తాను సర్దిచెప్పుకుంటూ బట్టలు మడిచి సంచిలో పెట్టి జిప్పు వేసింది.

వెనకనుంచి సోని కెవ్వున అరిచి, పరుగున వచ్చి ఆమె నడుము చుట్టేసింది. పిల్ల గుండె దడదడా కొట్టుకుంటోంది.

"ఏమైందే?" అంది స్వరూప.

"అయ్యో, మూత జారింది, బెదిరిందా బిడ్డ?" అంటూ వంటింటి గడపలో నుంచి షారోన్ వచ్చింది.

సోని తలెత్తి తల్లి ముఖంలోకి వింతగా చూసింది. "గంత పెద్ద చప్పుడైంది గద మమ్మీ. నువ్వు బెదరలేదా?"

స్వరూప కిందికి చూసింది. రెండడుగుల దూరంలో పెద్ద ఇత్తడి మూత నేల మీద ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. అది పడిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

ఆమె సంచి జిప్పు తీసి, మడిచిన బట్టలు ఒక్కొక్కటే బయట పెట్టసాగింది.